విజయవాడ కన్నా సిలోన్ దగ్గర

పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే అనంతపురానికి విజయవాడ సుమారు 380 కిలోమీటర్లు, కొలంబో సుమారు 900 కిలోమీటర్లు. రేడియో పెట్టెకు ఈ లెక్క పట్టదు. 1950ల్లో, 60ల్లో అనంతపురం పల్లెలో పట్టపగలు ముల్లు తిప్పినవాళ్ళకు విజయవాడ కేంద్రం దొరకడం గగనం. సముద్రం అవతలి సిలోన్‌లోని కొలంబో నుంచి మాత్రం తెలుగు సినిమా పాట మాట మాటా తెలిసేలా వచ్చేది. వాళ్ళ ట్రాన్స్‌మిటర్ పెద్దది, అందుకే వినబడేదని చాలామంది సరిపెట్టుకుంటారు. అది సగం జవాబు కూడా కాదు. అసలు సంగతి కాళ్ళ కింది నేలలోనూ నెత్తి మీది ఆకాశంలోనూ ఉంది. కరువు నేల పాటను మింగేసేది, ఆకాశం తెచ్చి ఇచ్చేది.

ముందు నేల సంగతి. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. అది వినిపించేది మీడియం వేవ్ మీద. మీడియం వేవ్ అంటే వందల మీటర్ల పొడవున్న అలలు. కడప కేంద్రం వాడిన 900 కిలోహెర్ట్జ్ అలనే తీసుకుంటే దాని పొడవు 333 మీటర్లు. ఇంత పొడవైన అల స్తంభం నుంచి బయల్దేరి పగలంతా నేలను అంటిపెట్టుకునే పోతుంది. గుట్ట అడ్డొస్తే దాని మీదుగా వంగి దాటగలదు, అది దాని బలం. నేలను తాకకుండా పోలేదు, అది దాని బలహీనత. అల అడుగుభాగం నేలలో విద్యుత్తును పుట్టిస్తుంది. నేల మంచి వాహకమైతే ఆ విద్యుత్తు పైపొరలోనే ఆగిపోతుంది, అలకు పెద్ద నష్టం ఉండదు. చెడ్డ వాహకమైతే అల లోపలికంటా దిగి, తన శక్తిని వేడిగా పోగొట్టుకుని సన్నగిల్లిపోతుంది.

తేడా ఎంతో చూడండి. సముద్రపు నీటి విద్యుద్వాహకత మీటరుకు సుమారు 5 సీమెన్స్. ఎండిన రాతినేలకు అందులో ఐదువేలో వంతు ఉంటుంది. తడి ఉన్న సారవంతమైన నేల ఆ రాతినేల కంటే పది, ఇరవై రెట్లు నయం. 900 కిలోహెర్ట్జ్ అల సముద్రంలో జానెడు లోతు దిగేసరికి దాదాపు మూడో వంతుకు పడిపోతుంది, అంటే పైపైనే ఆగుతుంది. ఎండిన రాతినేలలో అంతే తగ్గడానికి 15 మీటర్లకు పైగా దిగాలి. అన్ని మీటర్ల మట్టీ రాయీ కలిసి పాట దగ్గర సుంకం వసూలు చేస్తాయన్నమాట.

అనంతపురం నేల ఎట్లాంటిదో కొత్తగా చెప్పేదేముంది? ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పైన పలుచటి ఎర్రమట్టి, దాని కింద గ్రానైట్, నైస్ రాయి. ఆ రాతి పగుళ్ళలో తప్ప నీళ్ళు నిలవవు. బోరు మీద బోరు వేసుకుంటూ పోయి ఆ పగుళ్ళనూ ఎండగొట్టాం. మట్టి విద్యుత్తును మొయ్యాలంటే అందులో తడి ఉండాలి, ఆ తడిలో కరిగిన లవణాలుండాలి. వేరుశనగకు ఏది కరువో మీడియం వేవ్‌కూ అదే కరువు. విజయవాడ నుంచి బందరు వైపు పోయే అలకు డెల్టా తడి, దాని తర్వాత సముద్రం. పడమరకు తిరిగిన అలకు నల్లమల, ఎర్రమలల రాళ్ళు, వాటిని దాటుకుని వస్తే మన బీళ్ళు. ఒకే స్తంభం నుంచి ఒకే క్షణాన బయల్దేరిన ఒకే పాటకు రెండు గతులు. కోస్తావాళ్ళకు రేడియో ముందు అందడంలో రాజకీయం లేదని అనను గానీ, భౌతికశాస్త్రం వాటా కూడా తక్కువేమీ కాదు.

కడపకు 1963లో కేంద్రం వచ్చాక పరిస్థితి మెరుగైంది. అది అనంతపురానికి సుమారు 130 కిలోమీటర్లే. ఉత్తరాన ఉన్నవాళ్ళకు కడప, దక్షిణాన హిందూపురం, మడకశిర వైపు వాళ్ళకు 612 కిలోహెర్ట్జ్ మీద బెంగళూరు. అందుకే ఆ ప్రాంతంలో కన్నడ పాట కూడా ఇంటి పాటే. ఇక్కడో సరదా సంగతి. కడప 900, విజయవాడ 837, హైదరాబాద్ 738, బెంగళూరు 612. అన్నీ తొమ్మిదో ఎక్కంలో పడే అంకెలే. 1978 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఆసియా, ఆఫ్రికా, ఐరోపాల్లో మీడియం వేవ్ కేంద్రాల మధ్య 9 కిలోహెర్ట్జ్ ఎడం ఉండాలి. ఆ ఎడం ఇరుకైనది గనుక పాటలోని అతి కీచు స్వరాలకు చోటు దొరకదు. సుమారు 4,500 హెర్ట్జ్ పైన ఉన్నదంతా కోతకు గురవుతుంది. తాళాల గలగల, వయొలిన్ తీగ మీది సన్నని అంచు మీడియం వేవ్ శ్రోతకు సగమే తెలుసు.

ఇప్పుడు ఆకాశం. నేల నుంచి 60–90 కిలోమీటర్ల ఎత్తున గాలి చాలా పలుచగా ఉంటుంది. ఎండ తగిలి అక్కడి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి. దీన్ని డి పొర అంటారు. ఇది మీడియం వేవ్‌కు శత్రువు. పైకి వచ్చిన అలను పీల్చేస్తుంది. పొద్దుగూకగానే ఎలక్ట్రాన్లు మళ్ళీ అణువుల్లో కలిసిపోయి ఆ పొర మాయమవుతుంది. అప్పుడు అల ఇంకా పైకి పోయి, అక్కడి పొరల్లో వంగి, వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. పగలు దొరకని విజయవాడ రాత్రి పలకడం, దాని వెనకే ఇంకేదో ఊరి కేంద్రం వచ్చి ఈల వెయ్యడం ఇందువల్లే. రెండు కేంద్రాల అలలు కొద్దిపాటి తేడాతో కలిస్తే ఆ తేడాయే ఈలగా వినబడుతుంది.

సిలోన్ వాళ్ళు వాడింది షార్ట్‌వేవ్. 25 మీటర్లు, 41 మీటర్ల బ్యాండ్లు. డి పొర పీల్చుకోవడం పౌనఃపున్యం పెరిగేకొద్దీ దాని వర్గానికి విలోమంగా తగ్గిపోతుంది. అంటే 41 మీటర్ల బ్యాండు పౌనఃపున్యం మీడియం వేవ్ కంటే 8 రెట్లనుకుంటే, నష్టం దాదాపు 64వ వంతుకు దిగుతుంది. అందుకని షార్ట్‌వేవ్ అల పట్టపగలే డి పొరను చీల్చుకుని పైకి పోయి, 250–300 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఎఫ్ పొరలో వంగి కిందికి మళ్ళుతుంది. కొలంబోకూ అనంతపురానికీ నడుమ సరిగ్గా సగం దూరంలో ఉన్న ఊరు తిరుచిరాపల్లి. అంటే ఎఫ్ పొర దారిన మనకు వచ్చిన సిలోన్ పాట తిరుచిరాపల్లి నెత్తిన 300 కిలోమీటర్ల దాకా ఎత్తుకు ఎగిరి మలుపు తిరిగి వచ్చిందే. దారి మొత్తం వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. అందులో మన రాతినేలను తాకింది చివరి అడుగు మాత్రమే. పైగా దక్షిణ భారతం భూఅయస్కాంత మధ్యరేఖకు చేరువలో ఉంది. అక్కడ ఎఫ్ పొరలో ఎలక్ట్రాన్లు దట్టం. పాటను వంచడానికి ఇంతకంటే అనువైన ఆకాశం దొరకదు.

ఆ పొర నిలకడగా ఉండదు. పైకీ కిందికీ కదులుతుంటుంది. ఒకే పాట రెండు దారుల్లో వచ్చి చెవి దగ్గర కలిసినప్పుడు, అలల శిఖరాలు ఒకటైతే పాట పెరుగుతుంది, ఒకదాని శిఖరం మీద ఇంకొకదాని లోయ పడితే పాట మునుగుతుంది. సిలోన్ పాట ఉయ్యాల ఊగుతూ వచ్చేదని పెద్దవాళ్ళు చెప్పేది దీన్నే.

అయినా మనవాళ్ళు సిలోన్ ఎందుకు వెతుక్కున్నారు? ఢిల్లీ పుణ్యం. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాట అంటే చిన్నచూపు. ఆకాశవాణిలో సినిమా సంగీతం దాదాపు మాయమైంది. ఆ ఖాళీని రేడియో సిలోన్ నింపింది. రెండో ప్రపంచయుద్ధపు సైనికుల వినోదం కోసం మిత్రరాజ్యాలు అక్కడ నెలకొల్పిన శక్తిమంతమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ ఆ దేశానికి ఆస్తిగా మిగిలింది. అమీన్ సయానీ హిందీ పాటల వరుస 1952 డిసెంబర్‌లో మొదలైంది. తెలుగుకు మీనాక్షి పొన్నుదురై గొంతు చిరునామా అయింది. శ్రోతల పేర్లూ ఊళ్ళ పేర్లూ ఆమె చదువుతుంటే, రైలు కూడా ఆగని పల్లె పేరు సముద్రం అవతల నుంచి వినబడటం చిన్న విషయం కాదు. ఓడిపోయిన ఢిల్లీ 1957 అక్టోబర్ 3న వివిధభారతి తెచ్చింది. ప్రభుత్వం తన శ్రోతల ముందు తలవంచిన అరుదైన సందర్భాల్లో అదొకటి.

వినడానికి పెట్టె కావాలి కదా. వాల్వు రేడియో పెద్ద తిండిపోతు. కరెంటు లేని ఊళ్ళో దానికి దిట్టమైన బ్యాటరీ పెట్టె కొనాలి, ఇంటి మీద రాగితీగ ఏరియల్ కట్టాలి, నేలలో ఎర్త్ తీగ పాతాలి. ఎర్త్ సరిగా పనిచెయ్యాలంటే పాతిన చోట తడి ఉండాలి. ఎండాకాలం బిందెల వరస కట్టే ఊళ్ళో రేడియోకు చెంబెడు నీళ్ళు పొయ్యడం ఎంతటి విలాసమో ఊహించుకోండి. చాలా ఊళ్ళకు అందుకే పంచాయతీ రేడియోనే దిక్కు. 1947 డిసెంబర్‌లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ట్రాన్సిస్టర్ ఈ బాధలన్నీ తీర్చింది. కొద్దిపాటి వోల్టుల సెల్లులు చాలు, తీగలు అక్కర్లేదు. లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీకి రాగితీగ చుట్టి ఉంటుంది. అదే మీడియం వేవ్ ఏరియల్. ఆ కడ్డీ అంచు కేంద్రం వైపు తిరిగితే పాట సన్నబడుతుంది, అడ్డంగా తిరిగితే పెరుగుతుంది. ట్రాన్సిస్టర్‌ను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్న తాతలు తెలియకుండానే దిక్కు కొలుస్తున్నారు.

సెల్లు నీరసించినప్పుడు ఎండలో పెట్టడం మూఢనమ్మకం కాదు. వేడికి లోపలి రసాయన చర్య చురుకవుతుంది, అయాన్ల కదలిక పెరుగుతుంది, ఇంకో రెండు పాటలకు సరిపడా శక్తి బయటికొస్తుంది. కొత్త శక్తేమీ పుట్టదు, అడుగున మిగిలింది ఊడ్చుకొచ్చినట్టే. ఈ ఒక్క విషయంలో అనంతపురానికి వనరుల కొరత ఎప్పుడూ లేదు.

ఇంకో చిక్కు ఉంది. అరచెయ్యంత స్పీకరు 200, 300 హెర్ట్జ్ కంటే కింది స్వరాలను దాదాపు పలకలేదు. ఘంటసాల మంద్రంలో పాడినప్పుడు ఆ గొంతు మూలస్వరం అంతకంటే కిందే ఉంటుంది. మరి ట్రాన్సిస్టర్‌లో ఆయన ఆడగొంతులా ఎందుకు వినిపించలేదు? గొంతు ఎప్పుడూ ఒక్క స్వరాన్ని పలకదు. మూలస్వరం 120 హెర్ట్జ్ అయితే దానితోపాటు 240, 360, 480, 600 కూడా పలుకుతాయి. స్పీకరు 120ని మింగేసినా మిగతావాటి నడుమ ఎడం 120గానే ఉంటుంది. మెదడు ఆ ఎడాన్ని పట్టుకుని లేని మూలస్వరాన్ని తానే నింపుకుంటుంది. తబలా బాయ మోత కొంత, ఘంటసాల గాంభీర్యం కొంత మన తలలోనే తయారయ్యాయి. ఆ తరం సినిమా పాటల్లో గొంతును అన్నిటికంటే ముందు నిలబెట్టి వాద్యాలను వెనక్కి నెట్టడం ఈ పెట్టెకు అచ్చంగా సరిపోయింది. ఇప్పటి పాట బరువంతా అడుగుస్వరాల మీదే వేస్తుంది. దాన్ని పాత ట్రాన్సిస్టర్‌లో వినిపిస్తే ఎముకలు తీసేసినట్టుంటుంది.

పాట నిడివిని కూడా యంత్రమే కత్తిరించింది. లక్కపురుగు స్రవించే జిగురులో రాతిపొడి కలిపి అచ్చుపోసిన 78 వేగపు రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త ఎక్కువే పలికేది. పొడుగు పాటైతే రెండో వైపు తిప్పాల్సిందే. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి అనంతపురం ఎండలో ఆ పళ్ళేన్ని కిటికీ పక్కన మరిచిపోతే వంకర తిరుగుతుంది.

కేసెట్టు కథ వేరు. 1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన ఈ డబ్బాలో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. గంట కేసెట్టులో దాదాపు 90 మీటర్ల టేపు ఉంటుంది. దాని గోధుమరంగు పూత ఏమిటో తెలుసా? ఐరన్ ఆక్సైడ్. రెండు ఇనుము, మూడు ఆక్సిజన్ పరమాణువులు. అనంతపురం మట్టి ఎర్రగా ఉండటానికి కారణమైన హెమటైట్ కూడా అవే రెండు ఇనుము, మూడు ఆక్సిజన్. సూత్రం ఒకటే, స్ఫటికంలో పరమాణువుల అమరిక వేరు. మట్టిలోని అమరికకు అయస్కాంత గుణం బహు స్వల్పం. టేపు మీది అమరిక బలంగా అయస్కాంతీకరణ చెందుతుంది, అందుకే పాటను గుర్తుపెట్టుకుంటుంది. మీడియం వేవ్‌ను మింగిన నేలకూ, పాటను దాచిన టేపుకూ ఇంత దగ్గరి చుట్టరికం. 1980ల్లో టీ-సిరీస్ కంపెనీ ధరలు పడగొట్టాక ధర్మవరం మగ్గాల ఇళ్ళ నుంచి తాడిపత్రి టీకొట్ల దాకా కేసెట్లు పాకాయి. ఆకాశం దయ, కేస్కర్ దయ ఏదీ అక్కర్లేకుండా ఇష్టమైన పాట ఇష్టమైనప్పుడు వినే వీలు సామాన్యుడికి మొదటిసారి దొరికింది అప్పుడే. నన్నడిగితే ఎఫ్‌ఎం కంటే, ఫోను కంటే అదే పెద్ద మలుపు.

తాడిపత్రి అన్నాక కె.వి. రెడ్డిని తలచుకోకుండా ఎలా? ‘యోగి వేమన’, ‘పాతాళ భైరవి’, ‘మాయాబజార్’ తీసిన దర్శకుడు అక్కడే 1912లో పుట్టాడు. వాహిని సినిమా సంస్థకు పెట్టుబడి పెట్టిన మూలా నారాయణస్వామిదీ ఆ ఊరే. ఆ సినిమాలు టూరింగ్ టాకీసుల్లో ఆడినప్పుడు పాట ఫిల్ము అంచున తెల్లటి వంకర గీతగా ఉండేది. దీపపు వెలుగు ఆ గీత గుండా పోయి ఫోటోసెల్ మీద పడి, వెలుగు హెచ్చుతగ్గులే విద్యుత్తుగా, ఆ తర్వాత శబ్దంగా మారేవి. గీత మీద దుమ్ము పడినా గీరుకుపోయినా వెలుగు ఆగి, టపటపమని చప్పుడొస్తుంది. డేరాలో, కరువు సీమ గాలిలో దుమ్ముకేం తక్కువ! ఊళ్ళు తిరిగి తిరిగి వచ్చిన ప్రింటులో మన మట్టి కూడా పాడింది.

ఆట మొదలవబోతోందని చెప్పడానికి గొట్టం మైకులో ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్వామి పాట పెట్టడం చాలాచోట్ల ఆనవాయితీ. ఆ పాట మూడు నాలుగు మైళ్ళ అవతలి ఊళ్ళోనూ వినబడేది. పగలు అదే మైకు, అదే పాట అంత దూరం పోదు. దీనికీ ఎండిన నేలే కారణం. వేడిగాలిలో శబ్దం వేగంగా పోతుంది. 25 డిగ్రీల వద్ద సెకనుకు 346 మీటర్లు, 40 డిగ్రీల వద్ద 355. పగలు చెట్టూ చేమా లేని నేల కాలిపోయి, దాన్ని తాకే గాలి పైగాలి కంటే వేడిగా ఉంటుంది. అల కిందిభాగం ముందుకు ఉరుకుతుంది, పైభాగం వెనకబడుతుంది, మొత్తం అల ఆకాశం వైపు వంగిపోతుంది. కొద్ది దూరం పోయాక నేల మీద ఉన్నవాడికి మిగిలేది నిశ్శబ్దమే. రాత్రి మేఘం లేని ఆకాశంలోకి నేల తన వేడినంతా వదిలేసి త్వరగా చల్లారుతుంది. ఇప్పుడు కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి. అల కిందికి వంగి, నేలను తాకి, మళ్ళీ లేచి మళ్ళీ వంగుతూ మైళ్ళు నడుస్తుంది. మబ్బు పట్టిన తేమ రాత్రుల్లో ఇది అంతగా జరగదు. పక్క ఊరి మైకు మరీ స్పష్టంగా వినబడితే ఆకాశంలో మబ్బు లేదని అనుకోవచ్చు. తెల్లవారుజామున దూరపు మైకులో ఘంటసాల భగవద్గీత వినబడితే ఎవరో పోయారని చుట్టుపక్కల ఊళ్ళకు తెలిసిపోవడం కూడా ఈ చల్లగాలి చేసిన పనే.

1990ల మొదట్లో అనంతపురానికి సొంత ఆకాశవాణి కేంద్రం వచ్చింది, అదీ ఎఫ్‌ఎం. 101.7 మెగాహెర్ట్జ్, అంటే అల పొడవు మూడు మీటర్లే. నేల తడి, పొడితో దీనికి పెద్దగా పని లేదు. 15,000 హెర్ట్జ్ దాకా స్వరాలు మోస్తుంది కాబట్టి తాళాల గలగల తిరిగొచ్చింది. కానీ ఇది గుట్ట చుట్టూ వంగదు, దాదాపు కంటిచూపు మేర పోయి ఆగుతుంది. ప్రసార స్తంభం 100 మీటర్లు, ఇంటి మీది ఏరియల్ 10 మీటర్లు అనుకుంటే అల సుమారు 54 కిలోమీటర్లు అందుతుంది. ఆ వ్యాసార్థంతో వృత్తం గీస్తే దాని వైశాల్యం 9,000 చదరపు కిలోమీటర్ల పైన. 2022లో విడిపోకముందు జిల్లా వైశాల్యం 19,130. సగం జిల్లా వృత్తం బయటే. 95 కిలోమీటర్ల దూరాన ఉన్న హిందూపురం అట్లా బయట మిగిలిన ఊళ్ళలో ఒకటి. నాణ్యత పెరిగింది, చేరువ తగ్గింది. ప్రకృతి రెండూ కలిపి ఇవ్వదు.

చివరగా ఒక విన్నపం. మీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున పాత కేసెట్లు ఉండే ఉంటాయి. సినిమా పాటలవైతే పోనివ్వండి, అవి ఎక్కడైనా దొరుకుతాయి. అవ్వ పాడిన పెళ్ళిపాట, ఊరి చెక్కభజన, దసరానాటి బుర్రకథ రికార్డు చేసినవి మాత్రం ఇంకెక్కడా ఉండవు. చుట్ట చుట్టి ఉన్న టేపులో ఒక పొర అయస్కాంత గుర్తు పక్క పొర మీదికి దిగుతుంది. వేడి పెరిగేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. పాట మొదలవకముందే దాని నీడ సన్నగా వినబడితే టేపు అప్పటికే దెబ్బతిన్నట్టు లెక్క. బండల మిద్దె కింద ఏప్రిల్, మే నెలల వేడి దీనికి బాగా సరిపోతుంది. కాబట్టి ఎండలు ముదరకముందే ఆ కేసెట్టును ఒకసారి ముందుకూ వెనక్కూ పూర్తిగా తిప్పి, పనిచేసే టేప్‌రికార్డరు ఎవరి దగ్గరుందో కనుక్కుని, దాని హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు తీగ కలిపి ఎక్కించుకోండి. ఎవరు పాడారో, ఏ ఊళ్ళో, ఏ ఏట పాడారో కూడా ఫైలు పేరులో రాసిపెట్టండి.